పరిశీలనలో ఉన్న బంతి

లాంచీ ఎక్కేముందే ఇన్‌స్పెక్టరుగారు మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నారు. ఒకటి, కొరియర్ వాళ్ళు దీవికి రామన్నారు. రెండు, పంపించాను, దారిలో ఎవడో కొట్టేశాడు. మూడు, నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మోకాలికీ బంతికీ ఏమిటి సంబంధమని ఎవరైనా అడిగితే అప్పటికప్పుడు నాలుగోది చూసుకోవచ్చు. అసలు అంతదాకా రాదనే ఆయన ధైర్యం. పిల్లలు కదా, రెండేళ్ళయింది, మరిచిపోయి ఉంటారు.

ఆయనది తూనికలు కొలతల శాఖ. రెండేళ్ళకోసారి దీవికి వచ్చి, అక్కడున్న రెండు కాటాలనీ పరీక్షించి ముద్ర వేసి వెళ్ళాలి. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పది గ్రాముల తేడాని కూడా క్షమించిన పాపాన పోలేదు. కూరగాయల బండివాళ్ళు ఆయన్ని దూరం నుంచి చూసి తక్కెడ మీద గోనెపట్టా కప్పేసేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆయన భార్య, బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

వెంట అటెండరు ఉన్నాడు. తూకపురాళ్ళ పెట్టె మోసీ మోసీ కుడిభుజం ఎడమభుజం కంటే రెండంగుళాలు కిందికి దిగిన మనిషి. వచ్చే ఏడాది రిటైరవుతాడు కాబట్టి నోటికి భయం పోయింది.

"సంచిలో ఏంటి సార్? బంతేనా?"

"చాక్లెట్లు."

"ఓహో," అన్నాడు అటెండరు. ఆ ఒక్క ముక్కలో ఆయన మూడు అబద్ధాలూ విన్నట్టే ఉంది.

రెండేళ్ళ క్రితం జరిగింది ఇదీ. కాటాల పని గంటలో అయిపోయింది. తిరుగు లాంచీ సాయంత్రానికిగానీ లేదు. బడి వెనక మైదానంలో పిల్లలు బంతాట ఆడుతుంటే, ఒక మనిషి తక్కువయ్యాడు. ఇన్‌స్పెక్టరుగారు బూట్లతోనే దిగారు. "కాలేజీ టీముకి ఆడాను నేను," అన్నారు. నిజానికి ఆయన కాలేజీ టీముకి స్కోరు రాసేవారు, ఆటగాళ్ళ చెప్పులకి కాపలా ఉండేవారు. పిల్లలు ఆయన్ని ఎడమపక్క వెనకాల నిలబెట్టారు. పది నిమిషాలు బంతి ఆయన వైపు రాలేదు. పదకొండో నిమిషంలో వచ్చింది. ఇన్నేళ్ళ సంసారంలో ఎవరినీ ఏమీ అనలేక దాచుకున్నదంతా ఆ కాల్లోకి దిగినట్టుంది, ఒక్క తన్ను తన్నారు. బంతి గోలు మీదుగా, గట్టు మీదుగా, రాళ్ళ మీదుగా వెళ్ళి సముద్రంలో పడింది. దీవి మొత్తానికి ఉన్న ఒకే బంతి అది.

ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. అదే ఆయనకి ఇబ్బందయింది. "పై వారమే కొత్తది పంపిస్తాను. ఐదో నంబరు. తోలుది," అన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. అందరితో ఫొటో దిగారు. ఆ సాయంత్రం రేవులో దిగగానే ఎదురుగా ఆటసామాన్ల కొట్టు కనిపించింది. "ఇక్కడే కొని లాంచీకి ఇచ్చేద్దాం సార్," అన్నాడు అటెండరు. "రేవుల్లో రేట్లు ఎక్కువయ్యా, ఊళ్ళో కొందాం," అన్నారు ఆయన.

ఊళ్ళో కొన్నారు కూడా. ఆ మాట ఒప్పుకోవాలి. కొన్న బంతి అట్టపెట్టెతో సహా అటక ఎక్కింది. అక్కడ పాడైన మిక్సీకీ, భార్య రెండురోజులు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిలుకీ మధ్య కొంతకాలం కాపురం చేసింది. రేపు పంపాలి, ఎల్లుండి పంపాలి అనుకుంటుండగానే బావమరిది కొడుకు పుట్టినరోజు వచ్చింది. భార్య వంకాయరంగు కాగితం చుట్టి ఇచ్చిన పెట్టెని ఆయన నవ్వుతూ పిల్లాడి చేతికిచ్చారు. వాడు అక్కడికక్కడే చించాడు. లోపల్నించి బంతి బయటికొచ్చింది.

"మనదేలెండి, అటక మీద ఊరికే పడుంది కదా," అంది భార్య తర్వాత, ఆటోలో.

ఆయన ఆటోవాడికి దారి చెప్పారు. దీవి పిల్లలతో దిగిన ఫొటోని అప్పటికే ఫోనులో తన ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకున్నారు. కుటుంబం గ్రూపులో నలభై ఆరుగురు దానికి దండాలు పెట్టారు. పెద్ద తోడల్లుడు "మీది బంగారం లాంటి మనసు" అని రాశాడు. బంగారమైతే తూచేవాళ్ళు ఎవరో ఒకరు వస్తారని అప్పుడు తోచలేదు.

ఇవాళ లాంచీలో అవతలి ఒడ్డు బడి టీము కూడా ఉంది. మోకాళ్ళదాకా మేజోళ్ళు, వీపుల మీద నంబర్లు. దీవి బడితో మ్యాచ్ అట. వాళ్ళ డ్రిల్లు మాస్టారు వేరుశనక్కాయలు ఒలుస్తూ పక్కనే కూర్చున్నాడు.

"గట్టివాళ్ళేనా దీవి పిల్లలు?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, మాట కలపడానికి.

"గోల్‌కీపరమ్మాయి రాయి సార్. గోడ అంటారు దాన్ని. మిగతావాళ్ళూ మంచివాళ్ళే. కానీ పదిమందే ఆడతారు. ఎడమపక్క వెనకాల ఎవడూ ఉండడు. బంతిని అటు తోస్తే చాలు, అత్తారింటికి అల్లుడు వెళ్ళినట్టు తిన్నగా గోల్లోకి వెళ్ళిపోతుంది."

"పిల్లలు లేకనా?"

"బోలెడుమంది ఉన్నారు. ఎవరో వస్తారని ఆ చోటు ఉంచారట. పిచ్చి మాలోకాలు."

ఇన్‌స్పెక్టరుగారు హాయిగా నవ్వారు. అటెండరు నవ్వలేదు. సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

దీవిలో దిగాక ముందు పని. కొట్టు కాటా పది గ్రాములు తక్కువ చూపించింది. ఇన్‌స్పెక్టరుగారు కొట్టతన్ని ఎదురుగా నిలబెట్టి, "ఇది పది గ్రాముల సంగతి కాదయ్యా, నమ్మకం. జనం నిన్ను నమ్మి వస్తారు. మాటంటే మాటలా ఉండాలి," అని మొదలుపెట్టి ఆరేడు నిమిషాలు చెప్పారు. కొట్టతను తలొంచుకుని విన్నాడు. అటెండరు రాళ్ళు పెట్టెలో సర్దుతూ, ఒక్కో రాయినీ అవసరానికి మించి చప్పుడయ్యేలా పెట్టాడు. చేపల షెడ్డు కాటా సరిగ్గానే ఉంది. ఆ షెడ్డతనికి ఉపన్యాసం తప్పిపోయింది.

బడి టీచరమ్మ స్వయంగా వచ్చింది. "పిల్లలు పొద్దున్నించి మీకోసమే చూస్తున్నారు సార్. ఒక్కసారి లోపలికి రండి."

మరిచిపోలేదన్నమాట. ఆయన మొదటి అబద్ధాన్ని నాలుక చివరికి తెచ్చుకుని నడిచారు.

బడి అంటే పెద్ద గది ఒకటి. పాతికమంది పిల్లలు లేచి నిలబడ్డారు. మూలన ఒక వింత వస్తువు ఉంది. వలలకి కట్టే బెండు ముక్కల్ని పాతవలలో బంతిలా చుట్టి, పైన తాడుతో బిగించారు. రెండేళ్ళుగా వాళ్ళు సాధన చేసేది దాంతోనే. తన్నితే దానికంటే ముందు కాలు కేకపెడుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లల బొటనవేళ్ళ గోళ్ళు చూస్తే చాలు.

గోడ మీద ప్రపంచపటానికీ ఎక్కాల పట్టికకీ మధ్య, నాలుగు మూలలా మేకులు కొట్టిన కాగితం ఒకటి కనిపించింది. ఆ ముద్ర ఎక్కడో చూసినట్టుంది. దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నారు.

'విషయం: బంతి – గురించి. సూచిక: తమరి లేఖ. పై విషయమై తమరి అభ్యర్థన ఈ కార్యాలయమునందు పరిశీలనలో ఉన్నదని తెలియజేయడమైనది.'

కింద ఆయన సంతకం. ఒరిజినల్ సంతకం. బ్యాంకులో కూడా ఇంత బాగా కలవదు.

ఆయనకి మెల్లగా అర్థమైంది. పిల్లలు ఉత్తరం రాశారు. అది ఆఫీసుకి చేరింది. ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కింది, నంబరు వేశారు, గుమాస్తా ఫైలు కట్టాడు, ఫైలుకి ఏదో ఒక జవాబు ఉండాలి కాబట్టి అన్నిటికీ రాసే జవాబే దీనికీ రాశాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చే అరవై కాగితాల కట్టలో ఇదీ వచ్చింది. ఎడమచేత్తో టీ తాగుతూ, కుడిచేత్తో ఆయన సంతకం పెట్టారు. చదవడం ఆ ఆఫీసులో లేని అలవాటు. చదివేవాడు ఐదింటికి ఇంటికి చేరడు.

"పరిశీలన అయిపోయిందా సార్?" అంది ఒక చిన్నపిల్ల. రెండు జడలు, ముక్కుమీద కోపం. "ఎన్ని బంతులు తూచారు?"

"నోర్ముయ్యవే మిరపగింజా," అంది వెనక నుంచి ఒక పొడుగాటి అమ్మాయి. ఆమే గోడ. మిరపగింజ ఆమె చెల్లెలు. "సార్ ఒక్కొక్కటీ తూచి చూడాలా వద్దా? గబగబా పంపేస్తే మళ్ళీ తూకం తక్కువైంది వస్తుంది. మీరు నిదానంగానే చూడండి సార్."

ఇన్‌స్పెక్టరుగారికి చెవులు వేడెక్కాయి. రెండేళ్ళుగా ఈ పిల్లల దృష్టిలో తను ఒక గదిలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, బంతుల గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి కాటాలో వేస్తున్నాడు. వీళ్ళకి తగ్గది ఇంకా దొరకలేదు, అంతే.

తెచ్చుకున్న మూడు అబద్ధాలతో పనే పడలేదు. వాటికంటే మంచిది, ఆఫీసు ముద్ర ఉన్నది, గోడకి వేలాడుతూ సిద్ధంగా ఉంది.

"చివరి దశలో ఉందమ్మా," అన్నారు ఆయన.

గదంతా చప్పట్లు. అటెండరు గుమ్మం బయట గట్టిగా చీదాడు.

"అయితే ఇవాళ కూడా మీ చోటు ఉంచేస్తాం సార్," అంది గోడ.

"నా చోటా?"

టీచరమ్మ నవ్వింది. "వాళ్ళ నియమం సార్. బంతిని సముద్రంలోకి తన్నినవాళ్ళే కొత్తది తేవాలి. తెచ్చేదాకా వాళ్ళ చోట్లో ఇంకెవరూ ఆడకూడదు. తెస్తానన్న మనిషిని తీసేసినట్టవుతుందట. నేను తేను అని వాళ్ళే చెబితే తప్ప చోటు ఖాళీ అయినట్టు కాదు. నేను చెప్పి చూశాను సార్. సార్ ఉత్తరం రాశారు కదా అన్నారు."

డ్రిల్లు మాస్టారి వేరుశనక్కాయల చప్పుడు ఇన్‌స్పెక్టరుగారికి మళ్ళీ వినిపించింది. అల్లుడు వెళ్ళినట్టు తిన్నగా.

"ఎన్ని ఓడిపోయారు?"

"ఆడినవన్నీ," అంది గోడ, హాజరు పలికినంత మామూలుగా. "ఇవాళ్టిది నాకు ఆఖరిది సార్. ఈ ఏడాదితో బడి అయిపోయింది. టౌన్లో కుట్టుపనికి వెళ్తున్నా. ఒక్కటి గెలిచి వెళ్దామని." అంటూనే ఆమెకి ఏదో తట్టింది. "మీరే ఉన్నారు కదా సార్! మీరే ఆడండి! పదకొండుమందిమవుతాం."

మిరపగింజ తల దించుకుని తన బూట్ల తాళ్ళు చూసుకుంది. రెండు సైజులు పెద్ద బూట్లు, ముందు గుడ్డలు కుక్కి, తాళ్ళని చీలమండ చుట్టూ మూడుసార్లు తిప్పి కట్టింది. ఆడని పిల్ల బూట్లెందుకు వేసుకుందో ఇన్‌స్పెక్టరుగారు అడగలేదు. అడిగితే జవాబొస్తుంది.

అవతలి మాస్టారికి అభ్యంతరం లేదు. ఇన్‌స్పెక్టరుగారి బొజ్జ చూశాక అసలే లేదు.

మొదటి సగంలో మూడు గోల్స్ పడ్డాయి. మూడూ ఎడమపక్క నుంచే. మొదటిసారి ఇన్‌స్పెక్టరుగారు బంతికి అడ్డం వెళ్ళబోయి తమ పిల్లాడికే అడ్డం వెళ్ళారు. రెండోసారి ఆయన్ని దాటి వెళ్ళిన కుర్రాడు "జాగ్రత్త సార్, గుంట ఉంది" అని చెప్పి మరీ వెళ్ళాడు. మూడోసారి ఆయన వంగి మోకాళ్ళు పట్టుకుని ఊపిరి పీల్చుకుంటుండగా పడింది. ఆయనకి చప్పుడు మాత్రం వినిపించింది. గోడ మూడుసార్లూ నేలమీద పడి లేచి, మోచేతులు దులుపుకుని, "ఫర్వాలేదు సార్, ఫర్వాలేదు," అంది.

ఆ 'ఫర్వాలేదు' మూడోసారికి భరించలేనంత బరువెక్కింది.

విరామంలో గట్టు మీద కూలబడ్డారు. అటెండరు మంచినీళ్ళ సీసా అందించాడు.

"ఒక మాట చెప్పనా సార్? ఆ చోటు ఖాళీగా ఉన్నప్పుడే నయం. అప్పుడు కనీసం మనవాళ్ళ కాళ్ళకి అడ్డం తగిలేది కాదు."

ఇంకో రోజైతే ఈ మాటకి మెమో ఇచ్చేవారు. ఇవాళ సీసా మూత పెట్టి లేచారు. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో గోడ ఏదో ఎత్తు చెబుతోంది, ఇసకలో వేలితో గీస్తోంది. ఎడమపక్క గీసిన సున్నా దగ్గర, 'సార్' అని రాసింది.

"అమ్మా," అన్నారు ఆయన. "పరిశీలన లేదు."

"అంటే అయిపోయిందా సార్?"

"మొదలే కాలేదు. ఆ ఉత్తరం నేను రాయలేదు. ఎవరో రాశారు, నేను సంతకం పెట్టాను. మీరు రాసింది నేను చదవనే లేదు."

దూరంగా అవతలి టీము బత్తాయిలు ఒలుచుకుంటోంది.

"ఎనిమిదిసార్లు తిరగరాశాం," అంది గోడ. కోపంగా కాదు, లెక్క ఒకటి తప్పినట్టు. "ఆఫీసుకి కదా, కొట్టివేతలు ఉండకూడదని."

"బంతి కొన్నాను. అది నిజం. మా బావమరిది పిల్లాడికి ఇచ్చేశాను."

"వాడు బాగా ఆడతాడా?" అంది మిరపగింజ.

"వాడు దాని మీద కూర్చుని టీవీ చూస్తాడు."

ఇది అనక్కర్లేదు. కానీ అనేశాక, ఏదో కాటా సరిగ్గా నిలబడ్డట్టు అనిపించింది ఆయనకి. ఆ అనిపించడం కూడా ఎంతోసేపు నిలవలేదు. గోడ ఇంకా ఆయన వైపే చూస్తోంది. ఆమె అడగబోయేది ఆయనకి తెలుసు. రేపే తెస్తాను అనొచ్చు. ఆ మాట నోట్లో రెడీగా ఉంది, ఎప్పుడూ ఉంటుంది, దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ మాటంటే సార్ సార్‌గానే ఉంటారు. ఫొటోలో మధ్య మనిషిగా ఉంటారు. ఎడమపక్క ఇంకో రెండేళ్ళు ఖాళీగా ఉంటుంది.

"అయితే సార్... మీరు తెస్తారా, తేరా?"

ఆయన మిరపగింజ బూట్ల తాళ్ళు చూశారు. మూడు చుట్లు.

"నేను తేను," అన్నారు.

చిన్న సభ జరుగుతుందనీ, ఎవరో ఒకరు 'అయ్యో అలా అనకండి సార్' అంటారనీ లోలోపల ఎక్కడో ఒక ఆశ ఉంది. ఆయన మాట పూర్తి కాకముందే మిరపగింజ లేచి మైదానంలో సగం దూరం పరిగెత్తింది. గోడ ఇసకలో 'సార్' అన్న మాటని అరచేత్తో చెరిపేసింది.

"సార్," అంది వెళ్ళబోతూ. "ఊరికే కూర్చుంటే చలేస్తుంది. ఆ రాళ్ళ దగ్గర నిలబడండి, సముద్రం వైపు. బంతి అటొస్తే ఆపండి. తన్నొద్దు."

"తన్నను."

"చేతుల్తో పట్టుకుని ఇవ్వండి. అంతే."

రెండో సగమంతా ఆయన రాళ్ళ మీద నిలబడ్డారు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. బంతి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండుచేతులా పట్టుకుని, నడిచివెళ్ళి ఇచ్చి వచ్చారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు, ఆటలో ఉన్నారు. మిరపగింజ తనకంటే జానెడు పొడుగున్న కుర్రాళ్ళ కాళ్ళ మధ్య దూరి, ఒక బూటు ఊడిపోతే ఒంటి బూటుతోనే పరిగెత్తింది. ఎడమపక్క నుంచి ఇంకో గోలు పడలేదు. పైగా దీవివాళ్ళు రెండు వేశారు.

మూడు రెండుతో ఓడిపోయారు.

మొదటి సగంలో పడిన మూడూ ఎవరి లెక్కలోకి వస్తాయో ఇన్‌స్పెక్టరుగారికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. గోడ గోలుకర్రకి ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత చెల్లెలి ఊడిన బూటు వెతికి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తొడిగింది.

చాక్లెట్లు పంచారు. పిల్లలు తీసుకున్నారు, తిన్నారు. చాక్లెట్లకి కోపం ఏముంటుంది.

లాంచీ ఎక్కుతుంటే గోడ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఆ కాగితం, నాలుగు మూలలా మేకుల చిల్లులు. "ఇది మీదే సార్. గోడ మీద ఆ చోటు మాకు కావాలి. ఇవాళ రెండు గోల్స్ వేశాం కదా, వేసినవాళ్ళ పేర్లు అంటిస్తున్నాం."

లాంచీ కదిలింది. గెలిచిన టీము పాటలు పాడుతోంది. అటెండరు, "ఆ కాగితం ఇన్‌వర్డ్‌లో ఎక్కించమంటారా సార్?" అన్నాడు.

"వద్దు."

"ఫైలు మూసేశామని రాయాలి కదా."

"మూయొద్దు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. కాగితాన్ని మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నారు. మేకుల చిల్లుల అంచులు దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

రేవులో ఆటసామాన్ల కొట్టు ఇంకా తెరిచే ఉంది. ఈసారి అటెండరు ఏమీ అనలేదు. రాళ్ళపెట్టె కింద పెట్టి, దానిమీద కూర్చుని, బీడీ ముట్టించి చూస్తున్నాడంతే. ఇన్‌స్పెక్టరుగారు లోపలికి వెళ్ళారు. ఐదో నంబరు, తోలుది. రేటు చూసి అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నారు. ఇంటికి తీసుకెళ్తే అటక ఉంది, అటకకి ఎప్పుడూ ఏదో ఒక పుట్టినరోజు ఉంటుంది. తిన్నగా లాంచీ దగ్గరికి వెళ్ళి సరంగు చేతికిచ్చారు.

"ఎవరిచ్చారని చెప్పాలి సార్?"

"ఎవరూ ఇవ్వలేదని చెప్పు. దొరికిందని చెప్పు."

"ఐదో నంబరా? గోడ ఎప్పుడొచ్చినా ఇదే అడిగేది సార్, పార్సిల్ ఏమన్నా వచ్చిందా అని. ప్రతి శనివారం. ఎల్లుండి నా లాంచీలోనే టౌనుకి వెళ్ళిపోతోంది."

ఇన్‌స్పెక్టరుగారు తలూపారు. జేబులో ఫోను మోగింది. భార్య.

"పని అయిపోయిందా? పిల్లలతో ఫొటో దిగారా? పాతది మార్చి ఎన్నాళ్ళయిందో, అందరూ అడుగుతున్నారు."

"దిగలేదు."

"అదేంటండీ, అంత దూరం వెళ్ళి?"

"అప్పుడు ఆట జరుగుతోంది. నేను బయట ఉన్నాను," అన్నారు ఆయన.